బలి, బల్ల, ఒకే గిన్నె



పోయిన వారం మన పేజీలో ఒక తమ్ముడు అడిగాడు: "మీ క్రైస్తవులు 'ఈ ఆదివారం బల్ల ఉంది' అంటుంటారు కదా, బల్ల అంటే ఏమిటి? నా క్యాథలిక్ స్నేహితుడేమో 'బలిపూజ' అంటాడు. రెండూ ఒకటేనా, వేరువేరా?" రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే అది ఇంత పొడుగైంది. తీరిగ్గా చదవండి. మన సంఘంలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు కాబట్టి తెలిసినవాళ్లకు కొన్ని మాటలు చప్పగా అనిపించవచ్చు, సర్దుకోండి.

ముందు విషయం చెప్తాను. యేసును సిలువ వేయడానికి ముందు రాత్రి, పస్కా పండుగ రోజుల్లో, ఆయన శిష్యులతో కలిసి భోజనానికి కూర్చున్నాడు. పస్కా అంటే యూదులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ జ్ఞాపకం. గొర్రెపిల్లను కోసి, ఆ రక్తం గుమ్మాలకు పూసుకుని, మాంసం ఇంటిల్లిపాదీ తిని బయల్దేరిన రాత్రి అది. ఆ జ్ఞాపకపు భోజనంలో యేసు రొట్టె విరిచి ఇది నా శరీరం అన్నాడు, గిన్నె అందించి ఇది నా రక్తం అన్నాడు, నన్ను గుర్తు చేసుకుంటూ ఇలా చేస్తూ ఉండండి అన్నాడు. అంతే. ఆ రెండు మాటల చుట్టూ దాదాపు రెండు వేల ఏళ్లుగా ప్రేమా ఉంది, గొడవా ఉంది. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా కలిసి తినడాన్ని పట్టుకున్నారు, అందుకే బల్ల. క్యాథలిక్కులు అర్పణను పట్టుకున్నారు, అందుకే దివ్యబలి, దివ్యసత్ప్రసాదం. రొట్టె నిజంగా శరీరమేనా, గుర్తు మాత్రమేనా అని లూథర్, జ్వింగ్లీ 1529లో మార్బుర్గ్‌లో కూర్చుని వాదించుకుని తేల్చుకోలేక లేచిపోయారు. ఆ తగాదా జర్మనీ సరుకు. మన దగ్గరికి దిగుమతి అయింది కానీ మన ఊళ్లలో దాని కోసం ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోలేదు. మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చిన ప్రశ్న వేరే: ఆ గిన్నె ఎవరి నోటి తర్వాత ఎవరి నోటికి పోతుంది?

ఈ వ్యాసం దాని గురించే.

బళ్లారివాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఒకే ఇంట్లో తెలుగు బైబిలు, కన్నడ బైబిలు రెండూ ఉంటాయి. పాత నిబంధనలో లేవీయకాండం తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో దహనబలి, సమాధానబలి, పాపపరిహారార్థబలి. ఇప్పుడు చర్చీల్లో చదివే కన్నడ బైబిల్లో సర్వాంగహోమ, సమాధానయజ్ఞ, దోషపరిహారక యజ్ఞ. ఒకే మూలం, రెండు భాషలు, రెండు వేర్వేరు లోకాలు. యజ్ఞం, హోమం అన్నప్పుడు మనసులో వచ్చేది అగ్నిగుండం, మంత్రం, పురోహితుడు. బలి అన్నప్పుడు వచ్చేది ఊరి బయట గుడి, డప్పు, వేపమండలు, కత్తి. అనువాదకులు ఎంత ఆలోచించి ఈ మాటలు ఎంచుకున్నారో గానీ, తెలుగు చదివిన పేదవాడికి యేసు మరణం సొంత ఊరి జాతర భాషలోనే అందింది.

ఊరి జాతర బలి ఎలా జరిగేదో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. పిల్లల కోసం రాస్తున్నాను. కలరానో, మశూచో, కరువో వచ్చినప్పుడు, లేదా మొక్కు ప్రకారం కొన్నేళ్లకోసారి, ఊరంతా చందా వేసుకుని దున్నపోతును అమ్మవారికి వదిలేవారు. ఆసాదులు పాటలు పాడేవారు, మాదిగలు డప్పు కొట్టేవారు. తల నరికి, ముందు కాలు నోట్లో పెట్టి, ఆ తలమీద దీపం వెలిగించేవారు. రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ, చేలల్లో చల్లేవారు. దాన్నే పొలి అనేవారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణాది గ్రామదేవతల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశాడు. తెలుగు, కన్నడ, తమిళ ఊళ్లలో ఇలాంటి పద్ధతులు అందులో వివరంగా ఉన్నాయి. తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఈయన సొంత అన్న. ఆ కాలపు దొర కాబట్టి కొన్నిచోట్ల ఈసడింపు కనిపిస్తుంది. కానీ ఒక మాట మాత్రం ఆయన బాగా పట్టుకున్నాడు. బలి అంటే దేవతకు లంచం ఇవ్వడం మాత్రమే కాదనీ, మొదట్లో అది దేవతతో, తోటివాళ్లతో కలిసి తినడమనీ. స్కాట్లాండు పండితుడు రాబర్ట్‌సన్ స్మిత్ అంతకు ముందే, 1889లో, సెమిటిక్ జాతుల గురించి ఇదే వాదన చేశాడు. వైట్‌హెడ్ దాన్ని మన పొలిమేరలో చూశాడు.

అయితే ఆయన అంతగా నొక్కి చెప్పని సంగతి ఒకటుంది. మనకు మాత్రం అదే ముఖ్యం. దున్నపోతు ఊరందరిది. చందా అందరిది. దాని వల్ల వచ్చే రక్షణ అందరిది. మాంసం మాత్రం ఊరందరూ తినరు. తినేది మాలలు, మాదిగలు. మిగతావాళ్ల మేకలు, గొర్రెలు వాళ్ల ఇళ్లకు పోతాయి. ఎవరు నరకాలి, ఎవరు డప్పు కొట్టాలి, ఎవరికి ఏ భాగం రావాలి అన్నది తాతల నాటి లెక్క. ఊరు కలిసి బలి ఇస్తుంది, విడివిడిగా తింటుంది. ఇందులో ఎవరినీ చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. జాతరలో అందం ఉంది, ఊరు ఒక్కటవడం ఉంది. డప్పు లేకపోతే అమ్మవారు కదలదు, అదీ నిజం. కానీ ఆ డప్పు కొట్టినవాడు బలి అయ్యాక ఎక్కడ నిలబడేవాడో కూడా నిజం.

ఇలాంటి ఊరికి ఒక కొత్త మాట వచ్చింది: బలి అయిపోయింది, ఒక్కసారే జరిగింది, ఇక ఇవ్వక్కర్లేదు, మిగిలింది కలిసి తినడమే. హెబ్రీ పత్రిక సారం అదే. క్రైస్తవులు నమ్మేది కూడా అదే. మనిషి దేవుడికి ఇచ్చిన బలి కాదు, దేవుడే మనిషి కోసం తనను ఇచ్చుకున్న బలి. భయంతో చెల్లించే బాకీ దీంట్లో లేదు. ఇక్కడిదాకా అర్థం చేసుకోవడం జాతర తెలిసినవాడికి కష్టం కాదు. కష్టమంతా రెండో సగంలో ఉంది. కలిసి తినడం అంటే ఎవరితో?

ఈ ప్రశ్న మన దేశంలో పుట్టింది కాదని కూడా చెప్పాలి. అంతియొకయలో పేతురు యూదులు కానివాళ్లతో కలిసి తింటూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే జంకి, పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే ఆయన్ను నిలదీశాడు. గలతీ పత్రికలో ఉంది. కొరింథులో ఇంకో రకం. డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తినేసేవాళ్లు, కూలిపని చేసుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఆకలే మిగిలేది. పౌలు వాళ్లకు రాసిన ఉత్తరం సుమారు క్రీ.శ. 55 నాటిది. ప్రభువు భోజనం గురించి మనకు దొరికే అత్యంత పాత రాత అదే. అంటే బల్ల గురించిన మొట్టమొదటి రాతే, బల్ల దగ్గర జరిగిన అన్యాయం మీద కోపంతో రాసినది. చర్చిలో ప్రతి బల్ల ఆదివారం ఆ అధ్యాయమే చదువుతారు. చాలామంది "అయోగ్యంగా తినడం" అన్న మాటను సిగరెట్టు, సినిమా, పోయిన వారం ఆడిన అబద్ధం అనుకుంటారు. ఆ అధ్యాయం పైనుంచి చదివితే అక్కడ అయోగ్యత అంటే ఆకలిగా ఉన్నవాడిని పక్కన పెట్టి తినడం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారికి వచ్చాడు. అసలు ఆయన వెళ్లాలనుకున్నది శ్రీరంగపట్నానికి. అక్కడికి కుదరక ఇక్కడ ఆగాడు. అప్పటికి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చి పదేళ్లు. నిజాం 1800లో వదులుకున్న జిల్లాలు ఇవి. ఆ రోజుల్లో బళ్లారి జిల్లా అంటే ఎంతో పెద్దది. గుత్తి, అనంతపురం అన్నీ ఇందులోనే. అనంతపురం విడిపోయింది 1882లో. హ్యాండ్స్ కన్నడ నేర్చుకుని బైబిలు అనువాదానికి దిగాడు. కన్నడ బైబిలు మొత్తం 1831 నాటికి అచ్చులోకి వచ్చింది. ఆయన సహచరుడు విలియం రీవ్ కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు 1832లో వచ్చింది. తెలుగు పని అటు విశాఖపట్నంలో 1805 నుంచే క్రాన్, డెగ్రాంజ్ మొదలుపెట్టారు. తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. కడపలో 1822 నుంచి విలియం హోవెల్ పని. ఇలా మన జిల్లాకు పడమటి నుంచి కన్నడ వాక్యం, తూర్పు నుంచి తెలుగు వాక్యం వచ్చి కలిశాయి.

హ్యాండ్స్ చుట్టూ మొదట చేరినవాళ్లలో కోటలోని ఇంగ్లీషు సోల్జర్లు ఉన్నారు. ఊరివాళ్లు రావడానికి ఏళ్లు పట్టింది. తర్వాతి రోజుల్లో శామ్యూల్ ఫ్లేవెల్ అనే తమిళుడు ఇక్కడ పాస్టరుగా పనిచేశాడు. ఒక్కసారి ఊహించండి: కంటోన్మెంటు ఊరు, తమిళ పాస్టరు, తెలుగు, కన్నడ మాట్లాడే విశ్వాసులు, పక్కన ఇంగ్లీషు, తమిళ కుటుంబాలు. కౌల్ బజార్ తిరిగినవాళ్లకు ఆ కలగలుపు ఇప్పటికీ కొత్త కాదు. అలాంటి చోట ఒక గిన్నె చుట్టూ తిరిగిందంటే అది చిన్న విషయం కాదు.

అయినా బళ్లారిని పెద్దగా పొగడను. దక్షిణాది మొత్తంలో ఆ కాలాన గిన్నె మీద యుద్ధమే నడిచింది. తంజావూరు, తరంగంబాడి ప్రాంతపు పాత లూథరన్ సంఘాల్లో కులాన్ని బట్టి వేరే చోటు, బల్లకు వచ్చేటప్పుడు వేరే వరుస, కొన్నిచోట్ల వేరే గిన్నె కూడా ఉండేవి. పాత మిషనరీలు అది సామాజిక మర్యాద, మతం కాదు అని చూసీ చూడనట్టు పోయారు. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఇక కుదరదని ఆజ్ఞ పంపాడు. చర్చిలో కూర్చునే చోటు, బల్లకు వచ్చే తీరు, ఎక్కడా కులభేదం ఉండకూడదన్నాడు. తంజావూరులో, మద్రాసు వేపేరిలో చాలామంది చర్చి వదిలి వెళ్లారు. కొందరు లైప్‌జిగ్ లూథరన్ మిషన్ వైపు పోయారు, వాళ్లు ఈ విషయంలో మెత్తగా ఉండేవారు కాబట్టి. ఆ మెత్తదనం నచ్చక వాళ్ల మిషనరీ కార్ల్ ఓక్స్ అనే ఆయన బయటికి వచ్చేశాడు.

1847లో మదురైలోని అమెరికన్ మిషన్ ఇంకో అడుగు వేసింది. కులం వదిలాను అని నోటితో చెప్తే చాలదు, అందరితో కలిసి తిని చూపించాలి అంది. 1850లో మద్రాసు మిషనరీ కాన్ఫరెన్స్ కూడా దాదాపు అదే చెప్పింది. శుభ్రంగా వండిన అన్నాన్ని, వండినవాడి కులం చూసి వద్దన్నవాడు కులం వదిలినట్టు కాదని. గమనించారా? వాళ్లు పెట్టిన పరీక్ష ప్రార్థన కాదు, వాక్యం అప్పచెప్పడం కాదు. అన్నం.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం నిష్ఠూరంగా ఉంటుంది. ఈ తీర్మానాలు రాసిన దొరలు తమ బంగళాలో తమ వంటవాడితో కలిసి ఒక బల్ల దగ్గర కూర్చుని తిన్నారా? ఎక్కువమంది తినలేదు. చర్చి బల్ల దగ్గర ఒక గిన్నె, బంగళా బల్ల దగ్గర ఇంకో లెక్క. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య లేచి ఈ విషయమే కదిపాడు. మీరు మాకు త్యాగాలు చేశారు, సరే, మాతో స్నేహం చెయ్యండి అని. అక్కడ కూర్చున్నవాళ్లలో కొందరికి మండింది. అదే అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆయన వెనక నిలబడి ఆ పని చేయించినవాళ్లలో పైన చెప్పిన హెన్రీ వైట్‌హెడ్ ముఖ్యుడు. మనుషులు ఒకే రంగులో ఉండరు.

తెలుగునేలలో గిన్నెను గెలిపించింది తీర్మానాలు కాదు, డప్పు మానేసినవాళ్లు. ఒంగోలు చరిత్ర చూడండి. జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. మొదట ఆయన మీద ఆసక్తి చూపినవాళ్లలో పైకులాలవాళ్లున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాం అన్నారు. యెర్రగుంట్ల పేరయ్య తన వాళ్లను తీసుకొచ్చాడు. క్లౌ మాదిగలను చేర్చుకున్నాడు, పైవాళ్లు తప్పుకున్నారు. ఆ రోజే ఒక రకంగా తెలుగు సంఘం రూపం నిర్ణయమైపోయింది.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ మూడోది పాటిస్తే జాతరకు డప్పు కొట్టడానికి లేదు. డప్పు లేకపోతే ఊరి బలి ఆగుతుంది. బలి ఆగితే కరువు, కలరా ఎవరి మెడకు చుట్టుకుంటాయి? డప్పు కొట్టనన్నవాడి మెడకే. రెండోది పాటిస్తే చచ్చిన పశువును లాగేసే ఆచారం దెబ్బతింటుంది. ఊళ్లలో బావులు మూశారు, పనులు ఆపేశారు, దెబ్బలు కొట్టారు. యేసు బలి అంటే వాళ్లకు పుస్తకంలో సిద్ధాంతం కాదు. ఊరి బలిలో తమకు రావాల్సిన పాలు వదులుకుని, దానికి శిక్ష కూడా భరించి, ఇంకో బల్ల దగ్గర కూర్చోవడం. ఆ బల్ల దగ్గర వాళ్ల పాలు ఎవరో నిర్ణయించినది కాదు. అందరికీ అదే రొట్టె, అదే గిన్నె, అదే గుక్క.

1876-78 కరువు వచ్చింది. మన బళ్లారి జిల్లా తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. క్లౌ అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కరువులో బాప్తిస్మాలు ఇస్తే తిండి కోసం వచ్చారంటారని ఆపేశాడు. సాయం ముగిసే సమయానికి తలుపు తెరిస్తే 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసం మతం మారారు అనే మాట మన పేజీలో కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. తిండి అందుతున్నప్పుడు ఆపి, అది ముగుస్తున్నప్పుడు ఇచ్చిన బాప్తిస్మాలు అవి. మిగతాది మీ ఇష్టం.

ఇక గిన్నెకు రెండో చిక్కు. కులం ఒకటైతే, గిన్నె ఎత్తే చెయ్యి ఎవరిది అన్నది ఇంకొకటి. ఒక ఊళ్లో లండన్ మిషన్, పక్క ఊళ్లో ఆంగ్లికన్, ఇంకోచోట మెథడిస్టు. పెళ్లి చేసుకుని పక్క ఊరికి పోయిన ఆడపిల్ల పుట్టింటి చర్చిలో బల్ల తీసుకుని, అత్తింటి చర్చిలో తీసుకోలేని పరిస్థితి. కారణం ఇంగ్లండులో మూడొందల ఏళ్ల కింద జరిగిన తగాదా. ఈ సిగ్గు భరించలేకే 1919లో తరంగంబాడిలో అజరయ్య, ఇంకొందరు కూర్చుని ఐక్యత పిలుపు ఇచ్చారు. 28 ఏళ్లు చర్చలు జరిగాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. అజరయ్య 1945లోనే చనిపోయాడు, ఆ రోజు చూడలేదు.

మనకు దగ్గర్లోని నంద్యాల మాత్రం రాలేదు. అక్కడి ఆంగ్లికన్ సంఘాలు వేలమందితో బయటే ఉండిపోయాయి. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టరు బల్ల ఇస్తే అది సరైన బల్లేనా అన్నది పైకి చెప్పిన పెద్ద ప్రశ్న. చేరతారా, చేరరా అన్నదాని మీద ఊరు ఊరే చీలిపోయింది. చివరికి 1975లో కలిశారు. 28 ఏళ్లు చర్చలకు పట్టాయి, ఇంకో 28 ఏళ్లు నంద్యాలకు పట్టాయి. నంద్యాలవాళ్లను మొండివాళ్లంటారు. నేను అలా అనను. తాము అందుకునే రొట్టె నిజమైనదేనా అని అంత గట్టిగా పట్టించుకున్నవాళ్లు ఈ రోజుల్లో దొరకరు. కానీ ఆ 28 ఏళ్లలో ఆ ఇళ్ల మధ్య ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని చావులు ఒకరి బల్ల ఒకరు ముట్టకుండా జరిగిపోయాయో.

1950 సంవత్సరం దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఆ ఏడాది దక్షిణ ఇండియా సంఘం కొత్త ప్రభు భోజన క్రమం వాడుకలోకి తెచ్చింది. పాస్టరు గోడవైపు కాకుండా బల్ల వెనక నిలబడి జనం వైపు తిరిగాడు. ఇంకోటి చేర్చారు: సమాధానం అందించడం. కేరళ సిరియన్ సంఘాల పాత ఆచారం నుంచి తీసుకున్నారు. బల్ల దగ్గర మొదలై, ఒకరి కుడి అరచేయి ఇంకొకరి కుడి అరచేతిలో పెట్టి, ఎడమ చేత్తో మూసి, చేతి నుంచి చేతికి చర్చి చివరి వరుస దాకా పోతుంది. తర్వాత ప్రపంచంలో చాలా సంఘాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. వాళ్లకు అది మర్యాద, పలకరింపు. మన దేశంలో అది తాకడం. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం అదే 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. మన జిల్లా అప్పటికి ఇంకా మద్రాసులోనే ఉంది. గుళ్లలో జంతుబలిని ఆపే మద్రాసు చట్టం కూడా 1950దే. నాలుగేళ్లు తిరక్కుండా, 1953 అక్టోబరు 1న, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. ఒకే మిషన్ నాటిన సంఘాలు రెండు రాష్ట్రాల కిందికి వచ్చాయి.

అదే 1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే అంది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. దీని రాజకీయం నేనిక్కడ మాట్లాడను. బల్లకు సంబంధించినంత వరకే చెప్తాను. ప్రతి ఆదివారం చర్చికి వచ్చి, పాటలన్నీ నోటికి వచ్చి, బల్ల సమయానికి లేచి వెళ్లిపోయేవాళ్లు మన ప్రాంతంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బల్లలో చెయ్యి వెయ్యాలంటే బాప్తిస్మం కావాలి, బాప్తిస్మం అంటే రిజిస్టరు, రిజిస్టరు అంటే పిల్లల సర్టిఫికెట్టు. పూర్వం డప్పు మానేస్తే బావి మూసేవారు. ఇప్పుడు బల్లలో కూర్చుంటే సీటు పోతుంది. ఆ లేచిపోయేవాళ్లను వేదిక మీద నుంచి "నులివెచ్చనివాళ్లు" అని తిట్టే బోధకులున్నారు. కొరింథు పత్రిక మళ్లీ చదవమని నా మనవి. అక్కడ తిట్లు తిన్నది ఆకలిగా వెళ్లిపోయినవాళ్లు కాదు.

ఇక చివరి మలుపు, చిన్న గ్లాసులు. 1869లో అమెరికాలో వెల్చ్ అనే పళ్ల డాక్టరు పులియని ద్రాక్షరసం తయారుచేశాడు. మందు ముట్టని మెథడిస్టుల కోసం. 1890ల్లో, క్రిములంటే భయం పెరిగాక, అక్కడే ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గ్లాసు ఉండే ట్రేలు మొదలయ్యాయి. ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. రసం కోసం మన అవ్వలు ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి పొద్దున పిండేవారు. ఇప్పటికీ పల్లెల్లో అదే. రొట్టె విషయంలో మాత్రం బళ్లారి అదృష్టవంతురాలు. కోస్తావాళ్లకు రొట్టె పరాయి తిండి, ప్రభువు ప్రార్థనలో కూడా తెలుగువాళ్లు రొట్టె అనకుండా ఆహారం అన్నారు. జొన్నరొట్టె తినే మనకు ఆ వాక్యం అర్థం చెప్పించుకోవాల్సిన పని లేదు.

చిన్న గ్లాసులు శుభ్రం, ఒప్పుకుంటాను. క్షయ ఉన్న రోజుల్లో, మొన్న 2020 కోవిడ్‌లో అవి అవసరం. ఆ జబ్బులో మనం ఎంతమందిని పోగొట్టుకున్నామో తెలుసు కాబట్టి ఒకే గిన్నెకు తిరిగి పోదామని అనడం లేదు. కానీ చరిత్ర చూసేవాడికి ఒక సంగతి కనబడక మానదు. 1833 నుంచి కొట్లాడి, చర్చీలు చీల్చుకుని, జనం వెళ్లిపోయినా వెనక్కి తగ్గకుండా నిలబెట్టిన ఆ ఒకే గిన్నెను, ఎవరూ కొట్లాడకుండానే ఒక ప్లాస్టిక్ ట్రే తీసేసింది. ఎవరి ఎంగిలి ఎవరూ ముట్టక్కర్లేదు. మాల పల్లెలో ఒక చర్చి, మాదిగ పల్లెలో ఒక చర్చి ఉన్న ఊళ్లు అలాగే ఉన్నాయి. ఒక చర్చివాళ్లు ఇంకో చర్చికి పిల్లనివ్వని ఊళ్లూ ఉన్నాయి. గిన్నె ఒకటిగా ఉన్నప్పుడు ఆ విషయం బల్ల దగ్గరే బయటపడేది, మింగలేనివాడు లేచి వెళ్లేవాడు. ఇప్పుడు ఎవరి గ్లాసు వాళ్లు తాగి, ఎవరి ఇంటికి వాళ్లు పోవచ్చు.

తమ్ముడు అడిగిన ప్రశ్నకు జవాబు మిగిలిపోయింది. బల్ల, బలి ఒకటేనా అంటే: బలి అన్నవాళ్లూ తింటారు, బల్ల అన్నవాళ్లూ ఆ మరణాన్నే తలుచుకుంటారు. మన క్యాథలిక్ సభ్యుల దగ్గర చాలాకాలం గిన్నె గురువుగారికే, జనానికి అప్పమే. వాటికన్ సభ 1962-65 తర్వాత పూజ లాటిన్ నుంచి మన భాషల్లోకి వచ్చింది, గిన్నె కూడా కొన్ని సందర్భాల్లో జనానికి అందుతోంది. వాళ్ల వైపు కథ వాళ్లే రాస్తే బాగుంటుంది. బళ్లారి క్యాథలిక్ మేత్రాసనం 1949 నుంచి ఉంది, చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది.

పెద్దవాళ్లకు ఒక విన్నపం. బళ్లారి, గుత్తి, ఆదోని, రాయదుర్గం, సిరుగుప్ప వైపు మీ ఊరి చర్చిలో ఒకే గిన్నె వాడిన రోజులు మీకు గుర్తున్నాయా? అది వెండిదా, ఇత్తడిదా, కంచుదా? ఎప్పుడు మానేశారు, ఎందుకని చెప్పారు? ఆ గిన్నె ఇప్పుడు ఎక్కడుంది? వెస్ట్రీ బీరువాలో మూల పడి ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అడుగున అక్షరాలు, సంవత్సరం చెక్కి ఉంటే అవి కూడా కనబడేలా తియ్యండి. రాయడం కుదరనివాళ్లు వాయిస్ మెసేజ్ పంపినా చాలు, నేను రాసి పెడతాను.